బెజ్జం లేని పూస

బుధవారం, అగోమాన్యా సంత.
వాన ఇంకా రేకుల మీద గోళ్ళతో గీరుతోంది.
మామ్లే వచ్చి నా ఎదుటి పీట మీద కూర్చుంది,
నడుముకి చుట్టిన గుడ్డ ముడి విప్పి
ఒక పూస తీసి నా అరచేతిలో పెట్టింది.

రంగు తర్వాత చూస్తాను నేను.
ముందు బొటనవేలితో బెజ్జం తడుముతాను.
నిలువునా ఉంటే ఆ పూస నడుస్తుంది,
పదిమందితో వరసలో పడుతుంది.
పై అంచున అడ్డంగా ఉంటే వేలాడుతుంది.
నుదుట తూటా దిగినట్టు ఎదురుగా ఉంటే మాత్రం
ముందొక చిన్న కడియం తొడిగి బతిమాలాలి,
లేదంటే పక్కకి తిరిగి అలుగుతుంది.

దీనికి ఏ బెజ్జమూ లేదు.

మా క్రోబో వాళ్ళ పని తెలియనివాళ్ళకి చెబుతాను.
బీరు సీసాలూ మందు సీసాలూ దంచి,
పిండిలా జల్లించి, మట్టి అచ్చుల్లో నింపి,
నడుమ కర్రపెండలం ఆకుకాడ ఒకటి నిలబెడతాం.
కొలిమిలో గాజు ఒకటవుతుంది.
కాడ కాలిపోతుంది.
కాడ ఉన్న చోటే బెజ్జం.
నలభై ఏళ్ళుగా నా దారం దూరుతున్నది
లేకుండా పోయిన ఆకుల వెంబడే.

“నేను చేసిన మొదటిది,” అంది మామ్లే.
“తొమ్మిదేళ్ళప్పుడు. కాడ పెట్టడం మరిచాను.
నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది.
చొక్కా జేబులో వేసుకున్నాడు.
ఉతికిన ప్రతిసారీ తీసి, మళ్ళీ వేసుకున్నాడు.
మొన్న ఆయన చొక్కాలు పంచుతుంటే
నా వాటాకి వచ్చిన దాంట్లో దొరికింది.”

సీసా పచ్చ. లోపల ఒక గాలిబుడగ.
ఒక పక్క చీమ కుట్టిన పెదవిలా ఉబ్బు.

“తొలిచిపెట్టు.”
పగులుతుందన్నాను.
“జిగురుతో పైన టోపీ అతికించు.”
ఈ ఎండకీ ఈ చెమటకీ ఆర్నెల్లే అన్నాను.
“చేతకాదని చెప్పు అయితే.”

ఆ మాటతో రెండు రాత్రులు పడుకున్నాను.

మొదట మైనం రాసిన దారంతో వల అల్లాను.
చేపపిల్లలా జారి, మంచం కిందకి దొర్లి,
తెల్లారేసరికి కోడిపెట్ట ముక్కు కింద తేలింది.
ఇక లాభం లేదని రేడియోలు బాగుచేసే టేయే దగ్గరికెళ్ళి
చచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అడిగాను.
వాడు దానికీ డబ్బులడిగాడు, ఇచ్చాను.
రాగితీగ చుట్టలు విప్పి, బ్లేడుతో పైపూత గీకి,
నాలుగు పోగులు అడుగున కత్తెరలా దాటించి,
ఉబ్బు దగ్గర ఎడం వదిలి, బుడగ దగ్గర ఇంకా వదిలి,
మెడ దగ్గర అన్నిటినీ కలిపి మెలేసి,
మేకు చుట్టూ మూడు చుట్లు తిప్పి కొక్కెం చేశాను.
తీగ కొసని లోపలికి నొక్కాను.
బయటుంటే అది చర్మాన్ని మరిచిపోనివ్వదు.

అటూ ఇటూ ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఇంకో తగువు.
పెద్ద పసుపు పూసలు పెడితే
విందులో మేనత్తల్లా మోచేతులతో తోసేస్తాయి.
బిళ్ళల్లాంటి చిన్నవి ఏరాను,
ఒక్కోదాని మధ్య ఒక్కో ముడి,
ఒరుసుకుని గాజు గాజుని తినకుండా.

శనివారం మామ్లే వచ్చింది. మెడలో వేసుకుంది.
చూస్తుండగానే పూస గిర్రున తిరిగి
ఉబ్బు వైపు గుండెకి ఆనించి, బుడగ వైపు జనానికి పెట్టింది.
సరిచేద్దామని చెయ్యి చాపాను.
“ఉండనీ,” అంది. “జేబులో ఎటు తిరిగేదో నీకేం తెలుసు.”

ఎంత అంటే పూర్తి ధరే చెప్పాను,
టేయేకి ఇచ్చిన దానితో సహా.
బేరమాడింది. రాగికి ఇంతా అంది.
బెజ్జం లేని పూసకి గుచ్చుకూలి ఏమిటంది.
నాలుగు సెడీలు తగ్గించాను.

సాయంత్రం పీట కింద ఊడుస్తుంటే
జానెడు తీగ ముక్క దొరికింది.
పారేయలేదు.
వచ్చే బుధవారం ఎవరు ఏం మూట విప్పుతారో.